ప్రభుదాస్ అడిగిన వెల

పిల్లల్ని ఎత్తుకుపోవాలంటే ముందు మంచిపేరు ఉండాలి. ముక్కూమొహం తెలియనివాడు పిలిస్తే ఏ పిల్లా బండెక్కదు. ప్రభుదాస్ మంచిపేరు బడిలోనూ చర్చి సంఘంలోనూ ఏడాది కిందటే మట్టిలో కలిసిపోయింది గాని, పదిహేనేళ్ళ మేబెల్ దగ్గర మాత్రం ఇంకా కాస్త మిగిలి ఉంది. ఆమె ఒకటో తరగతిలో చేరిన రోజు బడి గంట కొట్టింది అతనే. బూట్ల లేసులు ఊడిపోతే వంగి కట్టిందీ అతనే. అలాంటి మనిషి ఎనభై ఏడు ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం, తిరుమలగిరిలో ట్యూషన్ నుంచి నడిచి వస్తున్న ఆమె పక్కన ఆటో ఆపి, "మేబెలమ్మా, మీ నాయిన సార్ కిందపడ్డరు స్కూల్ల. జల్ది కూసో," అన్నాడు. ఆమె రెండో మాట అడగకుండా ఎక్కి కూర్చుంది.

మల్కాజిగిరి దాటాక అడిగింది. "అన్నా, బడి ఇటు కాదుగా?"

ప్రభుదాస్ ఆటో ఇంకా జోరు పెంచాడు. దూకుదామంటే వెనకే లారీ వస్తోంది. అరిచింది. ఆ ఆటో మోతలో ఆమె అరుపు ఆమెకే సరిగా వినపడలేదు.

మౌలాలి గుట్ట కింద, బండల మధ్య గల్లీ చివర ఒక రేకుల ఇల్లు. పక్కింటికి తాళం వేసి ఉంది. ప్రభుదాస్ ఆమెను రెక్క పట్టుకుని లోపలికి తోసి, తలుపు మూసి, "అరిస్తె నోట్ల గుడ్డలు కుక్కుతా," అన్నాడు. ఆ మాట అన్నవాడి చెయ్యి గడియ వెయ్యబోతే మూడుసార్లు జారింది. మేబెల్ అది చూసింది. చూశాక భయం తగ్గకపోగా రెట్టింపయింది. చేయి తిరిగిన దొంగ కన్నా చేతకాని దొంగతోనే ప్రమాదం ఎక్కువ. తర్వాత ఏం చెయ్యాలో వాడికే తెలియదు.

"మా నాన్నకేమైంది?" అంది.

"ఏం గాలే. మంచిగనే ఉన్నడు సార్. ఆయనకేమైతది?" అన్నాడు ప్రభుదాస్ గోడకి ఆనుకుని. "భయపడకు బిడ్డా. నిన్నేం జెయ్య. ఆదివారం దాక ఉంటె చాలు. నాకు పైసలొద్దు, గిసలొద్దు. ఆదివారం ఆరాధనల మీ నాయిన లేచి నిలవడాలె. ప్రభుదాస్ దొంగ గాడు అని సంఘం ముంగట చెప్పాలె. చెప్పినంక నిన్ను ఇంటికాడ దింపుత. గీ మాట, పోలీసులకు చెప్పొద్దని సుత, చిట్టీ రాసి మీ గేట్ల ఏసొచ్చిన."

మేబెల్ తండ్రి దేవానందం సికింద్రాబాదులో ఒక మిషన్ బడికి హెడ్మాస్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డవాడు. ప్రభుదాస్ ఆ బడిలో పంతొమ్మిదేళ్ళు అటెండరు. పోయిన సెప్టెంబరులో అతన్ని తీసేశారు. దొంగతనం చేశాడట అని మాత్రమే మేబెల్‌కి తెలుసు. ఇంట్లో అంతకుమించి చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఆ తర్వాత నెలలో గుడిలో పెద్దలు అతని పేరు చదివి, ప్రభు బల్ల దగ్గరికి, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే చోటికి, రాకూడదని ప్రకటించారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. బల్ల నుంచి వెలేసినవాడికి ఆ సంఘంలో పెళ్ళి పిలుపు లేదు, చావు పిలుపు లేదు. కిరాయి ఆటో తోలుకుంటున్నాడని ఎవరో అనగా వింది.

ఆ సాయంత్రం ఆమె ఏమీ తినలేదు. అతను హోటల్ నుంచి బన్నూ టీ తెచ్చి ముందు పెడితే కాలితో నెట్టేసింది. రాత్రంతా అతను బయట గడప మీదే పడుకున్నాడు. ఆమె లోపల గోడకి వీపు ఆనించి, తెల్లారేదాకా కూర్చునే ఉంది.

శుక్రవారం పొద్దున ప్రభుదాస్ మళ్ళీ బన్నుతో వచ్చాడు. ఈసారి మేబెల్ నెట్టలేదు గాని, ముట్టుకోనూ లేదు. "మీ చేత్తో తెచ్చింది నేను తినను. స్టవ్ ఉందిగా, బియ్యం తెండి, నేను వండుకుంటాను," అంది.

అందులో ఎత్తేమీ లేదు, ఉత్త పంతం. ప్రభుదాస్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎత్తుకొచ్చిన పిల్ల ఆకలితో పడిపోతే ఏం చెయ్యాలో అతని లెక్కలో లేదు. బయట తాళం పెట్టి పరుగెత్తి, కిరాణా కొట్టు నుంచి బియ్యం, కందిపప్పు, నాలుగు టమాటాలు, మరీ ఆలోచించి రెండు గుడ్లు కూడా తెచ్చాడు.

మేబెల్ బియ్యం చాటలో పోసి రాళ్ళు ఏరింది. గిన్నెలో పొయ్యబోతూ, అలవాటుగా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టబోయి ఆగింది. ఇది తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఈ సంఘం ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి పాలు. వారానికోసారి స్త్రీల సమాజం తరఫున ఒకావిడ వచ్చి ఇంటింటి డబ్బా ఖాళీ చేసుకుపోతుంది. ఆ బియ్యం విధవరాళ్ళకో, జబ్బుపడ్డవాళ్ళకో చేరుతుంది. మేబెల్ తల్లి డోరా ఈ పని కూతురికి ఎంతగా అలవాటు చేసిందంటే, ఇప్పుడు బందీగా ఉన్న ఇంట్లో కూడా ఆ చెయ్యి తన పని తాను చేసేసింది. మూసిన పిడికిలితో ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ చూసింది.

"గా పైన పాలపొడి డబ్బ ఉంది సూడు, అండ్ల ఎయ్యి," అన్నాడు ప్రభుదాస్ గడప మీద నుంచి. "అమ్మది. నాల్గు నెలలాయె, ఖాళీగనే ఉంది."

మేబెల్ డబ్బా అందుకుంది. "మీ అమ్మగారు..."

"పోయింది. ఏప్రిల్ల. నా పేరు సదివినంక చర్చి మొకం సూడలే. అన్నం సుత సరిగ తినలే." తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "గీ డబ్బ మాత్రం ఇడవలే. శనివారం శనివారం కాంతమణమ్మొచ్చి తీస్కపోయేది. ఇప్పుడు సుత వచ్చి పిలుస్తది, నేను పలుకను."

మాట జారాడు. జారిన సంగతి అతనికి తెలియలేదు. మేబెల్ పిడికిలి విప్పి బియ్యం డబ్బాలో పోసింది. రేపే శనివారం. అప్పటిదాకా అలవాటుకొద్దీ చేసిన పని, ఆ క్షణం నుంచి పని కట్టుకుని చెయ్యడం మొదలుపెట్టింది. శుక్రవారం రెండు పూటలా, శనివారం పొద్దున, అన్నం వండిన ప్రతిసారీ అతను చూస్తుండగానే ఒక పిడికెడు తీసింది. అతను చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడమేమిటి, అతని మొహంలో కాస్త కళ కూడా వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున పప్పూ అన్నం ఇద్దరూ తిన్నారు. కోపం కోపమే, ఆకలి ఆకలే.

తిన్నాక మేబెల్ అడిగింది. "మీరు నిజంగా దొంగతనం చెయ్యలేదా?"

"సెయ్యలే."

"ఏం పోయింది అసలు?"

ప్రభుదాస్ ఆమెను వింతగా చూశాడు. "నీకు తెల్వదా? క్వార్టర్లీ పరీక్ష కాయితాలు. లెక్కలది. గోధుమరంగు కవరు, దానికి ఎర్ర లక్క సీళ్ళుంటయి గదా, గది. ఆఫీసు బీరువల పెట్టిన్రు, తెల్లారి సూస్తె లేదు. తాళంచెవులు రెండే. ఒకటి సార్ కాడ, ఒకటి నా కాడ. సార్ తియ్యడు గద. మరెవలు తీసిన్రు? ప్రభుదాస్ తీసిండు, అమ్ముకున్నడు. గంతే, అయిపాయె."

మేబెల్ కంచం కడగడానికి లేచినదల్లా అలాగే నిలబడిపోయింది.

ఆ కవరు ఆమె చూసింది. పోయిన సెప్టెంబరులో, వాన దంచికొడుతున్న ఒక సాయంత్రం, తిరుమలగిరి ఇంట్లో భోజనాల బల్ల మీద. బడి ఆఫీసు గది కారుతోందని తండ్రి ఇంటికి తెచ్చాడు. మేబెల్ దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెడితే, "దాని మీద పెట్టకు, సీలు పాడవుతుంది," అని కసిరాడు. కసరడం ఆయనకు అలవాటు లేదు కాబట్టి అది గుర్తుండిపోయింది. మర్నాడు పొద్దున ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వానలోనే రిక్షా ఎక్కాడు. కవరు బీరువాలో లేనే లేదు. లేనిదాన్ని ప్రభుదాస్ ఎలా తీస్తాడు?

నోరు తెరిచి చెప్పేస్తే ఈ మనిషి ఇప్పుడే తలుపు తీస్తాడేమో. కానీ చెప్పడమంటే నాన్నను అప్పగించడమే. ఆమె గిన్నెలు తోమింది, గచ్చు కడిగింది, కడిగిన గచ్చే మళ్ళీ కడిగింది. నాన్న మరిచిపోయి ఉంటాడు అని తనకు తాను పదిసార్లు చెప్పుకుంది. దేవానందం సారు ఏదీ మరిచిపోయే మనిషి కాదని పదకొండోసారి గుర్తొచ్చింది.

సాయంత్రం ప్రభుదాస్ ఉన్నట్టుండి ఉత్సాహంగా అన్నాడు. "ఎల్లుండి ఈ యాళకు ఇంటికాడ ఉంటవ్ బిడ్డా. మీ నాయిన చెప్తడు. నీ అసుంటి పిల్ల కోసం ఎందుకు చెప్పడు?"

"చెబుతారు," అంది మేబెల్. "ఎవరూ నమ్మరు."

"ఏందీ?"

"మీరు నన్ను పట్టుకుని ఉన్నంతసేపూ మా నాన్న ఏం చెప్పినా పిల్ల కోసం చెప్పాడనే అంటారు. ప్రభుదాస్ దొంగ కాదు అంటే, పాపం, బెదిరించి అనిపించారు అంటారు. అప్పుడు మీరు కాగితాల దొంగే కాదు, పిల్లల దొంగ కూడా అవుతారు. మీ పేరు బాగుపడదన్నా. ఉన్నదీ పోతుంది."

అడుసు తొక్కాక కాలు కడుక్కోవడానికి నీళ్ళున్నాయో లేవో చూసుకునే రకం మనిషి ప్రభుదాస్. నెల రోజులుగా అతను ఆటో తోలుతూ ఆ ఆదివారాన్నే కళ్ళముందు పెట్టుకున్నాడు. సారు లేస్తాడు, చెబుతాడు, జనం వెనక్కి తిరిగి తనను చూస్తారు. ఆ చూసేవాళ్ళు నమ్ముతారా లేదా అనే ప్రశ్న అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు. గడప మీద అలాగే కూర్చుండిపోయాడు.

"అయితే ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాడు చివరికి. పదిహేనేళ్ళ పిల్లని అడిగాడు.

"తలుపు తియ్యండి."

"తీస్తె పోలీసులొస్తరు."

"తియ్యకపోయినా వస్తారు."

పులి మీద ఎక్కినవాడికి దిగడానికి ధైర్యం ఎక్కడిది? అతను తలుపు తియ్యలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

శనివారం పదిగంటలకు గల్లీలో చెప్పుల చప్పుడు, వెనకే "ప్రభుదాసూ" అని పిలుపు. కాంతమణికి అరవై దాటాయి. భర్త రైల్వేలో గార్డుగా చేసి రిటైరయితే మౌలాలిలోనే ఉండిపోయారు. తెల్లచీర, భుజాన ఖాళీ గుడ్డసంచి. మనిషి మంచిదే గాని ఒక చిక్కుంది. ఎవరింట్లోనైనా కూర్చుని ప్రార్థన మొదలుపెట్టిందంటే పాలు పొంగిపోతాయి, పిల్లలకు బడి టైము దాటిపోతుంది, ఆవిడకు మాత్రం ఆమెన్ గుర్తురాదు.

ఆటో గుమ్మం ముందే ఉంది, ఈసారి పలకకపోతే ఆవిడ కదలదని ప్రభుదాస్‌కి తెలుసు. మేబెల్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మాట్లాడకు బిడ్డా, నీకు దండం పెడ్త," అని గుసగుసలాడి, ఆమెను తలుపు వెనక్కి నెట్టి, తలుపు జానెడు తెరిచాడు. అరుద్దామనుకుని పొద్దుటి నుంచి కూడగట్టుకున్న గొంతు, తీరా ఆ సమయానికి మేబెల్‌కి ఎండిపోయింది.

"ఉన్నావన్నమాట. నాలుగు నెలలకి పలికావు," అంది కాంతమణి. "లోపలికొచ్చి ఓ మాట ప్రార్థన చేసి వెళ్తానయ్యా. దేవానందం గారి పిల్ల కనపడటం లేదు, విన్నావా? మొన్నటి నుంచి సంఘమంతా చైన్ ప్రేయరు చేస్తున్నాం. గంటకో ఇల్లు."

"వద్దమ్మా. సవారీకి పోవాలె. టైమైతుంది."

"ఎంతసేపు, అయిదు నిమిషాలు."

ఆ అయిదు నిమిషాల సంగతి అతనికి తెలుసు. ఆవిడను ఎలాగోలా పంపించెయ్యాలి. చిన్నప్పటి నుంచి ఆ ఇంటి గడపలో బియ్యానికి వచ్చినావిడను వట్టి చేతులతో పంపడం ఎరగడు. పైన పాలపొడి డబ్బా అందుకుని, తలుపు సందులోంచి ఆవిడ సంచిలోకి బియ్యం వంచేశాడు. "ఇగో అమ్మా. పోయి రా."

కాంతమణి సంచిలోకి చూసింది. తర్వాత అతన్ని చూసింది. "వండుకుంటున్నావా?"

"ఆ. నిన్నటి సంది మూడు పూటలాయె, వండుకుంటున్న."

"మీ అమ్మ పోయిన రోజు స్టవ్ వెలిగించడం రాక పక్కింటివాళ్ళని పిలిచావు."

"నేర్సుకున్న."

"వండటం నేర్చుకున్నావు, సంతోషం. పిడికెడు తియ్యడం ఎవరు నేర్పారయ్యా?" ఆవిడ గొంతు నెమ్మదిగానే ఉంది. "మా ఆయన ముప్ఫై ఏళ్ళు లైన్ మీద వండుకు తిన్నాడు. ఒక్కరోజు పిడికెడు తియ్యలేదు. మగాడు సంచి ఎత్తి ఎసట్లో పోస్తాడు. ఇందులో రాయన్నది లేదు, ఏరిన బియ్యం. మూడు పిడికిళ్ళకి సోలెడు కూడా లేదు. ఇవి చిన్న చేతులు ప్రభుదాసూ."

అతను తలుపు మీద చెయ్యి వేశాడు. మూసెయ్యవచ్చు. కాంతమణి కాలు ఇంకా గడప బయటే ఉంది. ఆ చెయ్యి అలా కాసేపు ఉండి, దానంతట అదే కిందికి జారింది.

"ఆంటీ," అంది మేబెల్ తలుపు వెనక నుంచి. అరుపేమీ కాదు, బడిలో హాజరు పలికినట్టు పలికింది. "నేను మేబెల్‌ని."

కాంతమణి తలుపు తోసుకుని లోపలికి వచ్చి, ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "నిన్నేమీ చెయ్యలేదు కదమ్మా?" అని అడిగి, లేదని విన్నాక దగ్గరికి తీసుకుని గట్టిగా పట్టుకుంది. మేబెల్ అప్పుడు ఏడ్చింది. రెండు రోజులది ఒక్కసారే వచ్చింది. ప్రభుదాస్ గోడ వారగా కూలబడ్డాడు. ఆ రోజు కాంతమణి ప్రార్థన చెయ్యలేదు. "పద ఇంటికి," అంది.

మేబెల్ గడప దాటి ఎండలోకి వచ్చింది. గుట్ట మీద నుంచి గాలి వీస్తోంది. గల్లీలో ఎవరో పిల్లలు టైరు దొర్లించుకుంటూ పోతున్నారు. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చింది.

"ప్రభుదాసన్నా. కవరు పోయిందన్నప్పుడు అది బీరువాలో లేదు, మా ఇంట్లో ఉండింది. ముందురోజు రాత్రి నాన్న ఇంటికి తెచ్చారు. దాని మీద గ్లాసు పెట్టాను నేను. మీరు తియ్యలేదు."

ప్రభుదాస్ తల ఎత్తాడు. "గీ ముచ్చట నిన్ననే ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నిన్న చెబితే భయపడి చెప్పినట్టు ఉండేది," అంది మేబెల్. "ఇప్పుడు నేను బయట ఉన్నాను."

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. మేబెల్‌కి జాలి వేసింది, ఒళ్ళు మండింది కూడా. రెండూ ఒకేసారి ఉండగలవని ఆమెకు అప్పుడే తెలిసింది. "మీరు చేసింది కూడా తప్పే. పోలీసులు అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను," అంది.

"చెప్పు. నేను సుత చెప్త," అన్నాడు ప్రభుదాస్. తర్వాత లేచి, ఆటో ఇక్కడే ఉంది, ఇంటికాడ దింపుతానన్నాడు. ఆ ఆటో ఎక్కనంది మేబెల్. కాంతమణి వేరే ఆటో పిలిచింది. వాళ్ళు కదిలాక ప్రభుదాస్ ఇంటికి తాళం పెట్టి, నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, తన పేరూ తను చేసిన పనీ తానే చెప్పుకున్నాడు.

ఇంట్లో డోరా కూతుర్ని చూసి కుప్పకూలిపోయింది. లేచి ముద్దులు పెట్టుకుంది, తిట్టింది, మళ్ళీ ముద్దులు పెట్టుకుంది. దేవానందం కుర్చీలోంచి లేచి వచ్చి కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. రెండు రోజుల్లో ఆయన గడ్డం తెల్లగా మాసిపోయింది. అంత ప్రేమగా పట్టుకున్న చేతిని విడిపించుకోవడం మేబెల్ వల్ల కాలేదు. కవరు మాట అడగడం రేపటికి వాయిదా వేద్దామా అనిపించింది. రేపే ఆదివారం.

"దేవుడు గొప్పవాడు," అన్నాడు దేవానందం కళ్ళు తుడుచుకుంటూ. "చిట్టీ సంగతి పోలీసులకి చెప్పలేదు, రేపు నిలబడి ఆ అబద్ధం చెబుతానని జకర్యా గారొక్కరితోనే అన్నాను. పిల్ల ప్రాణం కోసం ఎంత అబద్ధమైనా తప్పులేదని ఆయనా అన్నారు. ఇక ఆ అవసరం లేదు."

జకర్యా సంఘంలో పెద్ద. బల్ల నుంచి ప్రభుదాస్‌ని తీసేస్తూ పేరు చదివింది ఆయనే.

"ఇప్పుడే ఉంది నాన్నా అవసరం," అంది మేబెల్.

"వాడి కోసమా? నిన్ను ఎత్తుకుపోయినవాడి కోసమా?"

"ఎత్తుకుపోయినందుకు పోలీసులున్నారు. నేను చెప్పాల్సింది వాళ్ళకి చెబుతాను." ఆమె తండ్రి చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకుంది. "ఆ కవరు మీద గ్లాసు పెట్టింది నేనే నాన్నా. మీరు కసిరారు. నాకు గుర్తుంది."

తేలు కుట్టిన దొంగకైనా కాలో చెయ్యో పట్టుకోవడానికి ఉంటుంది. దేవానందానికి పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. తర్వాత నెమ్మదిగా, ఎదురుగా ఉన్న గోడకి చెబుతున్నట్టు చెప్పాడు. రిక్షాలో మరచిపోయానన్నాడు. గొడుగు తీసుకుని దిగాను, కవరు తీసుకోలేదన్నాడు. సీలున్న కాగితాలు బడి దాటించకూడదని రూలు. దాటించినట్టు తెలిస్తే ఉద్యోగం, పింఛను రెండూ పోతాయి. బీరువాలో లేదని అన్నానే గాని ప్రభుదాస్ తీశాడని నేను అనలేదన్నాడు. "వాళ్ళే అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

"ఆ గ్లాసు మరక తుడిచింది నేను," అంది డోరా తలుపు దగ్గర నుంచి. అంటే ఆమెకూ తెలుసు.

"రేపు మీరు చెప్పండి నాన్నా," అంది మేబెల్. "మీరు చెప్పకపోతే నేను లేచి చెబుతాను. కానీ మీరు చెబితే బాగుంటుంది. మీరు చెప్పాలని నాకు ఉంది." తండ్రి మీద కోపం కన్నా ఆయన్ను పోగొట్టుకుంటానేమోనన్న భయమే ఎక్కువగా ఉంది. గుట్ట కింద రేకుల ఇంట్లో కూడా ఆమె అంత భయపడలేదు.

ఆదివారం గుడి కిక్కిరిసిపోయింది. పిల్ల దొరికిందన్న వార్త అప్పటికే అందరికీ చేరింది. కానుకల తర్వాత, కృతజ్ఞతలు చెప్పుకునేవారు ముందుకు రావచ్చని పాస్టరుగారు అన్నారు. దేవానందం లేచాడు. జనం సంతోషంగా సర్దుకుని కూర్చున్నారు. తప్పిపోయిన కూతురు దొరికిన తండ్రి సాక్ష్యం వినాలని ఎవరికి ఉండదు? మేబెల్ తన ఒళ్ళో చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. ఆయన పిల్ల దొరికినందుకు స్తోత్రమని చెప్పి వచ్చేస్తాడా, ఇంకా మాట్లాడతాడా?

"నా కూతురు తిరిగి వచ్చింది. దేవునికి స్తోత్రం," అన్నాడు దేవానందం. ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే, ఒకరిద్దరు ఆమెన్ కూడా అనేశారు. "ఇప్పుడు నన్ను బెదిరించేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఈ మాట నమ్మండి. పోయిన ఏడాది పరీక్ష కాగితాలు ప్రభుదాస్ తియ్యలేదు. నేను పోగొట్టాను. పోగొట్టి, అతని మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ముందు వరసలో జకర్యా కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన లేస్తాడని, కోప్పడతాడని, దేవానందాన్ని కూర్చోమంటాడని మేబెల్ అనుకుంది. ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "సార్, వెనక వాళ్ళకి వినపడి ఉండదు. మైకు దగ్గరికి వచ్చి మళ్ళీ చెప్పండి," అన్నాడు.

దేవానందం మైకు దగ్గరికి నడిచాడు. మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఆయన గొంతు వణకలేదు. వచ్చి కూర్చున్నాక మేబెల్ ఆయన చెయ్యి పట్టుకుంది. ఈసారి తనే పట్టుకుంది. ఉద్యోగం ఏమవుతుందో, పింఛను ఏమవుతుందో సోమవారం తెలుస్తుంది. ఆ సోమవారానికి ఆయనతో పాటు బడికి తనూ వెళ్ళాలని అప్పుడే నిశ్చయించుకుంది.

మధ్యాహ్నం కాంతమణి వెంట పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. డోరా వద్దంది, తర్వాత తనూ చీర మార్చుకుని వచ్చింది. స్టేషన్‌లో మేబెల్ జరిగిందంతా చెప్పింది. ఆటోలో ఏమని ఎక్కించాడో, నోట్లో గుడ్డలు కుక్కుతానన్నది, తెచ్చిన గుడ్లు రెండూ అతను తన కంచంలోనే వేసింది, ఏదీ దాచలేదు. రాసుకున్నాయన మొదట విసుగ్గా, తర్వాత శ్రద్ధగా రాసుకున్నాడు. సంతకం పెట్టాక, అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చాడు.

ప్రభుదాస్ ఊచల వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాళ్ళను చూసి లేచాడు గాని దగ్గరికి రాలేదు.

"నాన్న చెప్పారు," అంది మేబెల్.

అతను నమ్మలేనట్టు కాంతమణి వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. "నువ్వు పిల్లని వదిలేశాక చెప్పాడయ్యా. నీ చేతిలో ఏమీ లేనప్పుడు."

"ఎంతమంది ఉన్నరు?"

"నిండిపోయింది," అంది మేబెల్. "బయట చెప్పుల దగ్గర కూడా నిలబడ్డారు."

ప్రభుదాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగాడు. "మైకుల చెప్పిండా?"

"మొదటిసారి మామూలుగా చెప్పారు. రెండోసారి మైకులో."

అతను ఊచలు పట్టుకుని తల దించుకున్నాడు. భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. "నాది సుత ఒకటుంది గద బిడ్డా. నిన్ను తీస్కపోయింది. బయటికొచ్చినంక నేను సుత నిలవడాలె, గాడనే, అందరి ముంగట."

"నిలబడండి," అంది మేబెల్. అతన్ని పూర్తిగా క్షమించిందో లేదో ఆమెకే తెలియదు, తెలిసినట్టు నటించనూ లేదు. "ఆ రోజు నేను వస్తాను. మా నాన్నని కూడా తీసుకొస్తాను."